గాలిమరల సిబ్బంది అత్యవసర నిష్క్రమణ శిక్షణ

ఈ వ్యాసంలో రామగిరి గాలిమరలతో పాటు పేర్కొన్న పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలోని పట్టణము. ఇదే పేరును పోలిన పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండ వేరు. ఆ పెనుగొండ ప్రస్తావన వ్యాసం చివరి విభాగంలో వస్తుంది.

పవన విద్యుత్తును ఉత్పత్తి చేసే గాలిమరల పైభాగంలో పనిచేసే సాంకేతిక సిబ్బందికి, ప్రమాద సమయంలో నేలకు చేరుకోవడానికి ఇచ్చే అభ్యాసాన్ని గాలిమరల సిబ్బంది అత్యవసర నిష్క్రమణ శిక్షణ అంటారు. అగ్నిప్రమాదం, విద్యుదాఘాతం, గాయం, గుండెపోటు వంటివి సంభవించి మామూలు నిచ్చెన దారి మూసుకుపోయినపుడు తాడు సాయంతో బయటినుండి దిగడం, స్పృహ తప్పిన సహచరుని దించడం ఈ శిక్షణలో రెండు ముఖ్య భాగాలు. గాలిమర పైకి బయటివారు వచ్చి రక్షించే అవకాశం దాదాపు లేదు. పైనున్న ఇద్దరు ముగ్గురు మనుషులే ఒకరికొకరు రక్షకదళం. ఈ శిక్షణలోని నియమాలన్నీ ఈ ఒక్క వాస్తవం నుండి పుట్టినవే.

ఆంధ్ర ప్రదేశ్‌లో గాలిమరలు

ఆంధ్ర ప్రదేశ్‌లో గాలిమరలకు అనువైన ప్రదేశాలు ప్రధానంగా రాయలసీమలో ఉన్నాయి. పూర్వపు అనంతపురం జిల్లాలోని రామగిరి కొండలపై 1990లలోనే గాలిమరలు వెలిశాయి. బంగారు గనులకు పేరుపడిన రామగిరి, విజయనగర రాజుల కోట ఉన్న పెనుకొండ, రెండూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరాయి. తిరుమల కొండపైనున్న గాలిమరలను యాత్రికులు ఎరుగుదురు. ఉరవకొండ, వజ్రకరూరు, బెళుగుప్ప ప్రాంతాలలోను, కర్నూలు, కడప జిల్లాలలోను తరువాతి కాలంలో పెద్ద సంఖ్యలో గాలిమరలు నెలకొల్పబడ్డాయి. 2016–17 ఆర్థిక సంవత్సరంలో ఒక్క ఆంధ్ర ప్రదేశ్‌లోనే 2,190 మెగావాట్ల సామర్థ్యం కొత్తగా చేరింది. ఆ ఏడాది దేశంలో ఏ రాష్ట్రంలోనూ అంత చేరలేదు. 2025 మార్చి నాటికి రాష్ట్రపు పవన విద్యుత్ సామర్థ్యం 4,000 మెగావాట్లు దాటింది, దేశపు మొత్తం 50,000 మెగావాట్లు దాటింది.

తొలితరం గాలిమరల స్తంభాలు ముప్ఫై నుండి యాభై మీటర్ల ఎత్తు మాత్రమే ఉండేవి. అంటే బాగా ఎదిగిన రెండు తాటిచెట్లను ఒకదానిపై ఒకటి నిలిపినంత. ఇప్పటి గాలిమరల ఇరుసు 80 మీటర్ల నుండి 140 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎత్తు పెరిగిన కొద్దీ విద్యుత్తు పెరిగింది, దిగివచ్చే దారి కూడా అంతే పొడవైంది. ఐ.టి.ఐ. లేదా డిప్లొమా చదివి ఈ ఉద్యోగాలలో చేరే యువకులు పనిరోజులలో తరచూ ఈ ఎత్తు ఎక్కి దిగుతుంటారు.

పైన చిక్కుకోవడం ఎలా జరుగుతుంది

గాలిమర స్తంభం తలపై ఉండే యంత్రపు గదిని నాసెల్ అంటారు. గేర్‌బాక్సు, జనరేటరు, బ్రేకు, విద్యుత్ పెట్టెలు, నమూనాను బట్టి ట్రాన్స్‌ఫార్మరు కూడా ఇందులోనే ఉంటాయి. చిన్న బస్సు లోపలి భాగమంత చోటులో ఇన్ని యంత్రాల మధ్య మనుషులు వంగి, పాకి పనిచేస్తారు. గేర్‌బాక్సులో వందల లీటర్ల నూనె, దాని ప్రక్కనే వేడెక్కే బ్రేకు, విద్యుత్ తీగలు ఉంటాయి. నాసెల్ పైకప్పు, గోడలు సాధారణంగా గాజునార కలిపిన ప్లాస్టిక్‌తో చేస్తారు. నిప్పు పుట్టడానికి, పెరగడానికి కావలసినవన్నీ ఒకే గదిలో ఉన్నాయన్నమాట.

నాసెల్ నుండి క్రిందకు మామూలు దారి ఒక్కటే. అది స్తంభం లోపలి నిట్టనిలువు నిచ్చెన. కొన్ని స్తంభాలలో చిన్న లిఫ్టు కూడా ఉంటుంది గాని, నిప్పు అంటుకున్నపుడు దానిని వాడరాదు. స్తంభం ఒక పొగగొట్టం వంటిది. అడుగున ఉన్న విద్యుత్ పెట్టెలో మంటలు లేస్తే పొగ స్తంభంలోగుండా పైకే వస్తుంది. మంట నాసెల్‌లోనే పుడితే, అది మనిషికీ నిచ్చెన ద్వారానికీ మధ్య ఉండవచ్చు. రెండు సందర్భాలలోనూ మిగిలే మార్గం నాసెల్ వెనుక భాగంలో సామాను ఎత్తడానికి ఉంచిన నేలతలుపు, లేదా పైకప్పు.

అగ్నిమాపక శకటం వచ్చినా చేయగలిగింది తక్కువ. జిల్లా కేంద్రాలలోని అగ్నిమాపక దళాల నిచ్చెనలు వంద మీటర్ల ఎత్తుకు అందవు, నీటి ధార అంతకంటే అందదు. మండుతున్న గాలిమర చుట్టూ జనాన్ని దూరంగా నిలిపి, రెక్కల ముక్కలు రాలిపడే మేర ఖాళీ చేయించి, మంట దానంతట అది ఆరిపోయేవరకు వేచి ఉండడమే ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. గాలిమరలలో జరిగే అగ్నిప్రమాదాలలో బయటికి తెలిసేవి పదింట ఒకటి మాత్రమే కావచ్చునని 2014లో బ్రిటన్, స్వీడన్ పరిశోధకుల అధ్యయనం అంచనా వేసింది.

ప్రమాదమంటే నిప్పు మాత్రమే కాదు. తిరిగే భాగంలో చేయి నలగడం, విద్యుత్ పెట్టెలో మెరుపువలె పేలే ఆర్క్ వలన కాలిన గాయాలు, నిచ్చెన మధ్యలో గుండెనొప్పి రావడం, వీటన్నిటికీ మనిషిని దించవలసినదే. రాయలసీమ వేసవిలో నాసెల్ లోపలి వేడి బయటి వేడికంటే ఎక్కువ, కనుక వడదెబ్బను కూడా ఈ పట్టికలో చేర్చాలి. 108 వాహనం రాళ్ళదారి వెంట స్తంభం అడుగు దాకా రాగలదు. అక్కడినుండి పైకి రాలేదు.

ఊల్ట్గెన్స్‌ప్లాట్ ప్రమాదం

2013 అక్టోబరు 29న నెదర్లాండ్స్ దేశంలోని ఊల్ట్గెన్స్‌ప్లాట్ గ్రామం వద్ద ఒక గాలిమరకు మామూలు నిర్వహణ పనులు జరుగుతుండగా నాసెల్‌లో మంటలు లేచాయి. పైనున్నవారు నలుగురు. ఇద్దరు సకాలంలో క్రిందకు దిగిపోగలిగారు. 19, 21 ఏళ్ళ వయసు గల ఇద్దరు యువకులకు దారి మూసుకుపోయి, నాసెల్ పైకప్పు మీద చిక్కుకున్నారు. క్రింద గుమిగూడిన జనం చూస్తుండగానే వారిద్దరూ మరణించారు. ఒకరి శరీరం స్తంభం ప్రక్కన నేలపై దొరికింది, రెండవవారిని మంటలు తగ్గాక పెద్ద క్రేను సాయంతో పైకి చేరిన ప్రత్యేక దళం కనుగొన్నది. ఆ ఇద్దరూ పైకప్పుపై నిలబడి ఉన్న ఛాయాచిత్రం ప్రపంచమంతా వ్యాపించింది.

ఈ దుర్ఘటన తరువాత గాలిమరల పరిశ్రమలో చర్చంతా నిమిషాల మీదకు మళ్ళింది. నాసెల్‌లో పొగ నిండడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. అవరోహణ పరికరం గదిలో ఉంటే చాలదు, మంట ఎటువైపు పుట్టినా చేతికి అందేచోట ఉండాలి. అందువలన పనిచేసే చోటు మారినపుడల్లా పరికరపు సంచిని వెంట తీసుకువెళ్ళాలనీ, పని మొదలుపెట్టే ముందే ఎటునుండి దిగాలో ఇద్దరూ మాట్లాడుకోవాలనీ శిక్షకులు పట్టుబడతారు. నాసెల్‌లో అడుగుపెట్టగానే పనిముట్లు విప్పే ముందు చేయవలసిన మొదటి పని ఇదే.

అవరోహణ పరికరం

అత్యవసర నిష్క్రమణకు వాడే ముఖ్య సాధనం, దిగే వేగాన్ని తనంతట తానే అదుపులో ఉంచే అవరోహణ పరికరం. చూడడానికి టెంకాయంత ఉండే ఈ పెట్టెగుండా పొడవైన తాడు పోతుంది. లోపలి చక్రం వేగంగా తిరిగిన కొద్దీ అపకేంద్ర బలం వలన బ్రేకు దిమ్మెలు వెలుపలికి జరిగి గోడకు రాసుకుంటాయి. బరువు ఎక్కువైతే బ్రేకు కూడా గట్టిపడుతుంది, కనుక సన్నని మనిషైనా, బరువైన మనిషైనా దాదాపు ఒకే వేగంతో దిగుతారు. ఐరోపా ప్రమాణం ఇ.ఎన్. 341 ప్రకారం ఈ వేగం సెకనుకు అర మీటరుకు తగ్గకుండా, రెండు మీటర్లకు మించకుండా ఉండాలి. సెకనుకు 0.9 మీటర్ల చొప్పున వంద మీటర్లు దిగడానికి రెండు నిమిషాల కంటె తక్కువ కాలం చాలు.

తాడుకు రెండు చివరలా కొక్కేలు ఉంటాయి. ఒక మనిషి దిగుతున్నపుడు రెండవ చివర పైకి వస్తుంది. మొదటివాడు నేలకు చేరేసరికి తరువాతివాని కొక్కెం సిద్ధంగా ఉంటుంది. బావి గిలకపై రెండు చేదలు వేసినట్లే ఇది పనిచేస్తుంది. కొన్ని నమూనాలు ఒకేసారి ఇద్దరిని మోస్తాయి. గాయపడినవానిని గుండెకు ఆనించుకొని సహచరుడు దిగడానికి ఈ ఏర్పాటు అవసరం.

పరికరం తాళ్ళతో సహా గాలి చొరకుండా మూసిన సంచిలో గాని, డబ్బాలో గాని ఉంటుంది. తడి, నూనె, ఎండ తాడును పాడుచేస్తాయి కనుక అభ్యాసానికి ఆ సంచిని విప్పరు, శిక్షణకు వేరే పరికరం ఉంటుంది. అధికారం గల వ్యక్తి నిర్ణీత గడువులలో పరీక్షించి తేదీ వేయాలి. గడువు దాటిన తేదీ కనిపిస్తే ఆ గాలిమర ఎక్కకుండా వెనుదిరిగే హక్కు సిబ్బందికి ఉన్నదని మంచి శిక్షణ కేంద్రాలలో మొదటిరోజే చెబుతారు.

శిక్షణ విధానం

గాలిమరల తయారీదారులు, యజమానులు కలిసి ఏర్పరచుకున్న ప్రపంచ పవన సంస్థ, అనగా గ్లోబల్ విండ్ ఆర్గనైజేషన్, 2012లో ప్రాథమిక భద్రతా శిక్షణకు ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించింది. అంతకు ముందు ఒక కంపెనీ ఇచ్చిన శిక్షణను మరొక కంపెనీ ఒప్పుకొనేది కాదు. ఈ ప్రమాణంలో ప్రథమ చికిత్స, బరువులు ఎత్తే పద్ధతి, అగ్ని గురించిన అవగాహన, ఎత్తులో పని అనే భాగాలున్నాయి. సముద్రంలో పనిచేసేవారికి సముద్రంలో ప్రాణరక్షణ అనేది అదనం. అత్యవసర నిష్క్రమణ ఎత్తులో పని అనే భాగం క్రిందకు వస్తుంది. ధ్రువపత్రం రెండేళ్ళకే చెల్లుతుంది, తరువాత మళ్ళీ అభ్యాసం చేసి పునరుద్ధరించుకోవాలి. శిక్షణ పొందినవారి వివరాలు విండా అనే ఉమ్మడి చిట్టాలో నమోదవుతాయి.

శిక్షణ మైదానంలో కొన్ని మీటర్ల ఎత్తుగల చట్రం, దానికి నిచ్చెన, పైన నాసెల్ నమూనా ఉంటాయి. అభ్యాసకులు మొదట హార్నెస్ అనే దేహపట్టీలను తొడుక్కోవడం నేర్చుకుంటారు. ఇది తేలికగా కనిపిస్తుంది గాని, తొడపట్టీ వదులుగా ఉంటే పడినపుడు శరీరం జారి తీవ్ర గాయమవుతుంది. తరువాత నిచ్చెన వెంట ఉండే పట్టాకు గాని, ఉక్కు తాడుకు గాని పట్టుకొని జారే పతన నిరోధకాన్ని వాడుతారు. ఒక కొక్కెం విప్పే ముందు రెండవది తగిలించి ఉండాలన్న నియమాన్ని, చేతులు తలచుకోకుండానే పాటించేదాకా వల్లె వేయిస్తారు.

ఆ పైన అసలు అభ్యాసం. లంగరు బిందువును ఎంచుకోవడం, పరికరాన్ని తగిలించడం, తాడును క్రిందకు వదలడం, తాడు అడుగున దేనికీ చిక్కుకోలేదని చూడడం, తన కొక్కెం తగిలించుకొని అంచుమీద కూర్చొని బరువును మెల్లగా తాడుమీదకు మార్చడం ఇందులోని మెట్లు. వీటిలో అందరికీ కష్టమైనది చివరిది. తాడు పట్టుతుందని బుద్ధికి తెలిసినా కాళ్ళు అంచు విడువవు. గదిలో పాఠం వినడంతో ఈ భయం పోదని, నిజంగా ఒకసారి వేలాడి దిగితేనే తగ్గుతుందని శిక్షకులందరూ అంగీకరించే విషయం. పొగలో చూపు ఆనదు కనుక తడుముకుంటూ పరికరాన్ని తగిలించే అభ్యాసం కూడా కొన్నిచోట్ల చేయిస్తారు.

గాయపడినవానిని దించే పని మరింత క్లిష్టం. నిచ్చెనపై స్పృహ తప్పిన మనిషి తన పతన నిరోధకానికే వేలాడుతూ ఉంటాడు. అతని బరువంతా దానిపై ఉన్నంతవరకు కొక్కెం విడివడదు. రక్షకుడు అతనికంటే పైకి ఎక్కి, అవరోహణ పరికరాన్ని లంగరు వేసి, చేతిచక్రంతో గాని గిలకలతో గాని అతనిని కొద్ది అంగుళాలు పైకెత్తి, పాత కొక్కెం విడిపించి, అప్పుడు దించాలి. గాలిమరలో ఒక్కరే ఎప్పుడూ పనిచేయకూడదన్న నియమానికి ముఖ్య కారణం ఇదే. ఇద్దరే ఉన్నపుడు ఈ పనంతా మిగిలిన ఒక్కడే చేయాలి. రెక్క లోపల గాని, రెక్కలు కలిసే హబ్‌లో గాని చిక్కినవానిని తీయడానికి ఉన్నత రక్షణ శిక్షణ అనే ప్రత్యేక పాఠ్యాంశాలు వేరుగా ఉన్నాయి. రెక్కల చక్రాన్ని తాళం వేసి ఆపనిదే హబ్‌లోకి ప్రవేశించరాదు.

వేలాడుటవలన కలిగే అస్వస్థత

దేహపట్టీలలో కదలకుండా నిలువుగా వేలాడే మనిషికి కాళ్ళలో రక్తం నిలిచిపోయి, గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గి కొద్ది నిమిషాలలోనే స్పృహ తప్పవచ్చు. తల నిటారుగా ఉండడం వలన మెదడుకు రక్తం అందక ప్రాణాపాయం కూడా ఏర్పడుతుంది. అందుచేత పడినవాడు తాడుకు వేలాడుతూ బ్రతికి ఉన్నాడు గదా అని నిదానించకూడదు. స్పృహలో ఉన్నవాడు కాళ్ళు ఆడించాలి, పట్టీలకు ఉండే కాలి ఉచ్చులో పాదం పెట్టి నిలబడే ప్రయత్నం చేయాలి.

ఈ విషయంలో ఒక పాత నమ్మకం ఇంకా వినబడుతుంది. దించిన మనిషిని వెంటనే పడుకోబెడితే కాళ్ళలోని రక్తం ఒక్కసారిగా గుండెకు చేరి మరణిస్తాడనీ, కనుక అరగంటపాటు కూర్చోబెట్టి ఉంచాలనీ పూర్వపు పాఠాలలో ఉండేది. బ్రిటన్ ఆరోగ్య భద్రతా కార్యనిర్వాహక సంస్థ 2009లో చేయించిన సమీక్షలో దీనికి ఆధారం లేదని తేలింది. స్పృహ లేనివానికి మామూలు ప్రథమ చికిత్స ప్రకారమే పడుకోబెట్టి శ్వాసమార్గాన్ని చూడాలని ఆ సమీక్ష సూచించింది. పాత కరపత్రాల నుండి చదువుకొనే విద్యార్థులు ఈ మార్పును గమనించాలి.

భారతదేశంలో నియమాలు, సంస్థలు

ఎత్తులో పనికి సంబంధించిన నియమాలు భారతదేశంలో పలు చట్టాలలో చెదరి ఉన్నాయి. నిర్మాణ దశకు 1996 నాటి భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం, 1998 నాటి కేంద్ర నియమాలు వర్తించేవి. విద్యుత్ పరికరాల భద్రతకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధనలున్నాయి. పాత కార్మిక చట్టాలలో పలు భద్రతా చట్టాలను కలిపి చేసిన 2020 నాటి వృత్తిభద్రత, ఆరోగ్య, పని పరిస్థితుల స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దేహపట్టీలకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 3521.

పవన విద్యుత్తుకు కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ చెన్నైలోని జాతీయ పవన శక్తి సంస్థ. ఇది 1998లో వేరే పేరుతో ప్రారంభమైనది. ఈ సంస్థ వాయుమిత్ర అనే పేరుతో యువకులకు నైపుణ్య శిక్షణ ఇస్తుంది. 2015లో ఏర్పడిన హరిత ఉద్యోగాల నైపుణ్య మండలి గాలిమరల సాంకేతిక ఉద్యోగాలకు అర్హతా ప్రమాణాలను రూపొందించింది. ప్రపంచ పవన సంస్థ గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలు తమిళనాడు, గుజరాత్ రాష్ట్రాలలో ఉన్నాయి.

ప్రమాణాలు, పరికరాల సూచనలు అధికంగా ఆంగ్లంలోనే ఉంటాయి. ప్రశాంతంగా ఉన్నపుడు ఆంగ్లం చదవగలిగే యువకుడు కూడా పొగలో తెలుగులోనే ఆలోచిస్తాడు. పతన నిరోధకం, లంగరు, కొక్కెం వంటి మాటలతో ఇద్దరూ ఒకే అర్థంలో వాడుకొనే చిన్న చిన్న ఆజ్ఞలను ముందుగా స్థిరపరచుకోవడం అలంకారం కాదు, భద్రతా విషయమే. స్తంభం అడుగున వ్రాసి ఉండే గాలిమర సంఖ్యను, దాని అక్షాంశ రేఖాంశాలను పైకెక్కే ముందే క్రిందివారికి చెప్పాలి. ఒకే తీరుగా కనిపించే వంద గాలిమరల మధ్య అంబులెన్సు తప్పుదారి పట్టడం చాలా సులభం.

గోదావరి డెల్టా

గాలి వనరులు రాయలసీమ కొండలంత అనుకూలంగా లేనందున పెనుగొండ, తణుకు, రాజమండ్రి పరిసరాలలో గాలిమరల క్షేత్రాలు లేవు. అయినా ఎత్తులో పని డెల్టాకు కొత్త కాదు. కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు, తాటిచెట్లు ఎక్కే గీత కార్మికులు తరతరాలుగా కాళ్ళకు బంధము, నడుముకు మోకు మాత్రమే ఆధారంగా చెట్లెక్కుతున్నారు. మోకు పట్టు తప్పితే ఆపే రెండవ తాడు లేదు, చెట్టుపై స్పృహ తప్పితే దించే ఏర్పాటు లేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలై 14న రంగారెడ్డి జిల్లా లష్కర్‌గూడలో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరిట భద్రతా పరికరాల పంపిణీని ప్రారంభించింది. పరికరాలతో పాటు వాటిని వాడే శిక్షణ కూడా ఇచ్చారు. దేహపట్టీ, తాడు, పతనాన్ని ఆపే అమరిక, ఈ మూడింటి సూత్రం గాలిమరలోనూ తాటిచెట్టుపైనా ఒక్కటే.

కృష్ణా గోదావరి బేసిన్‌లో సముద్రపు చమురు, సహజవాయు వేదికలపై పనిచేసేవారికి వేరొక తరహా నిష్క్రమణ శిక్షణ ఉంది. నీటిలో మునిగిన హెలికాప్టరు నమూనా నుండి బయటపడడం, ప్రాణరక్షక తెప్ప ఎక్కడం అందులో భాగం. సముద్రంలో గాలిమరలు నిలిపిన ఐరోపా దేశాలలో అక్కడి సిబ్బంది ఈ రెండు శిక్షణలనూ పొందుతారు. భారతదేశంలో సముద్రపు గాలిమరలకు గుజరాత్, తమిళనాడు తీరాలను ఎంచుకున్నారు. 2025 చివరి నాటికి అక్కడ వాణిజ్య స్థాయిలో ఒక్క గాలిమర కూడా నిలబడలేదు.